ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ స్టడ్ విరిగితే హెడ్ దింపాల్సిందేనా?

మీ ప్రశ్న ఇది: కాకినాడలో తిరిగే పాత డీజిల్ బండి. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ శబ్దం, వేడెక్కాక తగ్గిపోతోంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌ను (ఇంజన్ పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల కూర్పు) ఇంజన్ పైభాగమైన హెడ్‌కు పట్టి ఉంచే స్టడ్లలో (తల లేని బోల్టులు) చివరిది హెడ్‌కు సమంగా విరిగింది, మిగతావి తుప్పుపట్టాయి. మెకానిక్ హెడ్ దింపాలంటున్నారు. చాలావరకు అక్కర్లేదండీ. డ్రిల్లు నిటారుగా పట్టేంత చోటుంటే బండి మీదే అయిపోతుంది.

ముందు మిగిలినవి విరగకుండా చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వైర్ బ్రష్‌తో మరలు శుభ్రంచేసి, రస్ట్ రిమూవర్ కొట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దున మళ్లీ కొట్టండి. ఆరు పలకల సాకెట్టే వాడండి. పన్నెండు పలకలది తుప్పుపట్టిన నట్టు మూలలు తినేస్తుంది. నట్టు కదిలిందని ఒకేసారి లాగొద్దు. పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకు, మళ్లీ వెనక్కి. స్టడ్ మెలి తిరుగుతూ రబ్బరులా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆపండి, ఇంకో లాగుకు అది విరుగుతుంది. అక్కడ గ్యాస్ టార్చ్‌తో నట్టును మాత్రమే ఎర్రగా కాల్చి తిప్పాలి. కాల్చే ముందు నూనె పూర్తిగా తుడవండి, డీజిల్ పైపులు పక్కకు తప్పించండి.

విరిగిన ముక్కకు నా మొదటి ఓటు వెల్డింగ్‌కే. బ్యాటరీ టెర్మినళ్లు, ఆల్టర్నేటర్ కనెక్షన్ తీసేయండి. ముక్క మీద వాషర్ పెట్టి మధ్యలోంచి వెల్డ్ చేసి, దానిపై నట్టు పెట్టి మళ్లీ వెల్డ్ చేయాలి. ఆ వేడికే లోపలి తుప్పు పట్టు వదులుతుంది. ఎరుపు పోయాక, ఇంకా వేడిగా ఉండగానే అంచుకు కొవ్వొత్తి తాకించండి. మైనం కరిగి మరల్లోకి దిగుతుంది. అప్పుడు అటూ ఇటూ ఆడిస్తూ తీయండి. మొదటి వెల్డ్ ఊడిపోతే దిగులు పడకండి, రెండోసారి, మూడోసారి వేడి తగిలాకే వచ్చేవి చాలా ఉంటాయి.

అదీ కుదరకపోతే డ్రిల్లింగ్. పని అంతా సెంటర్ పంచ్ (బిట్ జారకుండా ముందు గుంట కొట్టే ఉలి) దగ్గరే తేలిపోతుంది. విరిగిన ముఖాన్ని చదునుగా ఫైల్ చేసి, సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టండి. 3 మి.మీ.తో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఎడమవైపు తిరిగే బిట్ దొరికితే ఒక్కోసారి ముక్క దానంతటదే బయటికొస్తుంది. ఎం8×1.25 స్టడ్ (8 మి.మీ. మందం, మరకూ మరకూ మధ్య 1.25 మి.మీ.) అయితే 6.8 మి.మీ. వరకు వెళ్లి, మిగిలిన పొరను ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) తీయాలి. హెడ్ ఏ లోహమో ముందే అయస్కాంతంతో చూడండి. అంటకపోతే అల్యూమినియం, అందులో బిట్ గట్టి స్టడ్‌ను వదిలి మెత్తని హెడ్‌లోకి జారిపోతుంది. రంధ్రం చెడితే హెలికాయిల్ (కొత్త మరలు ఇచ్చే తీగ చుట్ట) వేయించవచ్చు. ఈజీ-అవుట్ (ముక్కలో రంధ్రం చేసి దిగ్గొట్టి వెనక్కి తిప్పే పనిముట్టు) మాత్రం వద్దంటాను. అది లోపల విరిగితే మామూలు బిట్ దాన్ని కోయలేదు, అప్పుడు నిజంగానే హెడ్ దింపాలి.

కొత్త స్టడ్ వేసేముందు ఇది తప్పనిసరి: మ్యానిఫోల్డ్ ముఖం మీద స్టీల్ స్కేల్ ఆనించి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడండి. వేడికి మ్యానిఫోల్డ్ పొడవునా సాగుతుంది, ఆ కదలిక రెండు చివర్లలోనే ఎక్కువ. అందుకే చివరి స్టడ్లే విరుగుతాయి. వంకర మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటితే లేత్ షాపులో ఫేసింగ్ (ముఖం చదును) చేయించండి. లేదంటే కొత్త స్టడ్ కూడా అక్కడే విరుగుతుంది.

స్టడ్లు, నట్లు కంపెనీవే మొత్తం సెట్టు మార్చండి. ఉప్పుగాలి ఊరు కదా అని బజారు స్టెయిన్‌లెస్ వేయొద్దు, వేడికి నట్టు దానిమీద పట్టేస్తుంది. రంధ్రాల్లో ట్యాప్ ఒకసారి తిప్పి గాలి కొట్టండి. కొన్ని ఇంజన్లలో స్టడ్ రంధ్రం నీళ్ల దారిలోకి తెరుచుకుంటుంది. కూలెంట్ కారితే అది అలాంటిదే, అక్కడ మరలకు సీలెంట్ కావాలి. మిగతా చోట్ల నికెల్ యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా రాయండి. మామూలు గ్రీజు ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. స్టడ్ మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, పై నట్టుతో లోపలికి తిప్పండి. అడుగు తగిలాక బలం పెట్టొద్దు.

కొత్త ప్యాకింగ్ వేసి, మధ్య నుంచి చివర్లకు రెండు మూడు విడతల్లో నట్లు బిగించండి. ఎం8కు టార్క్ (బిగించే తిప్పుడు బలం) చాలా ఇంజన్లలో 20–25 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, అయినా మీ మాన్యువల్ అంకెనే పాటించండి. యాంటీ-సీజ్ రాస్తే అదే టార్క్‌కు స్టడ్ ఎక్కువ సాగుతుంది, అంకె దాటించొద్దు. ఒకసారి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారాక టార్క్ మళ్లీ చూడండి.