మా అబ్బాయి ముఖంలో ఏ భావమూ పలకడం లేదు.. దీనికి మందులున్నాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు, కొరిటెపాడు. మా అబ్బాయికి 20 ఏళ్లు. విజయవాడ వైపు ఒక కాలేజీలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. రోజూ కాలేజీ బస్సులో వెళ్లి వస్తాడు. ఆరేళ్లప్పుడు ఆటిజం అన్నారు, తక్కువ స్థాయే అన్నారు. చదువులో ఇబ్బంది లేదు. మా బాధల్లా ముఖం గురించే. పోయినేడాది మా మామగారు పోయినప్పుడు అందరూ ఏడుస్తుంటే వీడు నవ్వు ముఖంతో నిలబడ్డాడు. చుట్టాలు నానా మాటలు అన్నారు. ఇప్పుడేమో అసలు ఏ భావమూ లేదు, బొమ్మలా ఉంటాడు. వచ్చే ఏడాది క్యాంపస్ ఇంటర్వ్యూలు. రోజూ అద్దం ముందు కూర్చోబెట్టి నవ్వడం ప్రాక్టీస్ చేయిస్తున్నాను. ముఖంలో భావాలు రావడానికి మాత్రలు గానీ, ఎక్సర్‌సైజులు గానీ ఉన్నాయా? ముక్కులో కొట్టే స్ప్రే ఏదో ఉందని మా మరిది అంటున్నాడు. ఇంటర్‌లో కోపం ఎక్కువగా ఉంటే రిస్పెరిడోన్ రాశారు, అదే కొనసాగిస్తున్నాం. రాత్రిళ్లు నిద్ర పట్టక అటూ ఇటూ తిరుగుతున్నాడంటే మెడికల్ షాపులో రెండు పూటలా వేయమన్నారు. ఆర్నెల్లుగా అలాగే వేస్తున్నాం. పొద్దున్నే గ్యాస్ క్యాప్సూల్ కూడా ఇస్తాను. ఈ మధ్య దిండు తడిసిపోతోంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఇంటర్వ్యూ సంగతి తర్వాత చూద్దాం. ఓపీ మధ్యలో మీ ఉత్తరం గబగబా చదువుతున్నవాణ్ని చివరి నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయాను. మీరు వాటిని ఏదో పనిలో పనిగా రాసినట్టున్నారు. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది.

పోయినేడాది నవ్వకూడని చోట నవ్వాడన్నారు. ఇప్పుడు నవ్వే రావడం లేదంటున్నారు. ఈ రెండింటినీ మీరు ఒకే గాట కట్టారు. పుట్టుకతో వచ్చిన ఆటిజం ఇరవయ్యో ఏట, ఆర్నెల్లలో ముఖాన్ని బొమ్మలా మార్చేయదు. మార్పు వచ్చిందంటే దానికి వేరే కారణం వెతకాలి. మీ విషయంలో నేను మొదట అనుమానించేది మాత్రనే. మనిషిని చూడకుండా ఇదే అని తేల్చి చెప్పలేను, అది గుర్తుపెట్టుకోండి.

రిస్పెరిడోన్ మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని తగ్గిస్తుంది. కోపం, చిరాకు అదుపులోకి వచ్చేది అలాగే. అయితే కండరాలు చురుగ్గా కదలడానికీ ఆ డోపమైనే కావాలి. డోసు ఎక్కువైతే, కొందరికి మామూలు డోసులోనే, పెద్దవాళ్లలో చూసే పార్కిన్సన్ జబ్బు లాంటి లక్షణాలు వస్తాయి. ముఖం బిగుసుకుపోతుంది, రెప్పపాటు తగ్గుతుంది, నడక నెమ్మదిస్తుంది. లాలాజలం కొత్తగా ఎక్కువేమీ ఊరదు, మింగడం తగ్గి బయటికి కారుతుంది. మీ దిండు తడవడానికి కారణం అదే కావచ్చు.

రాత్రి తిరుగుళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఈ మందే కొందరిని కాలుగాలిన పిల్లిలా తిప్పుతుంది. కూర్చోలేరు, పడుకోలేరు, కాళ్లు నిలవవు. అది నిద్రలేమి అనుకుని అదే మాత్ర రెట్టింపు చేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? మీవాడికి జరిగింది ఇదేనని నేననడం లేదు. డోసు పెంచేముందు ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేసుకుని ఉండాల్సింది.

ఇక గ్యాస్ క్యాప్సూల్. దాని స్ట్రిప్పు తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘లెవోసల్పిరైడ్’ అని ఉందా? మన దగ్గర చాలా గ్యాస్ క్యాప్సూల్స్‌లో పాంటాప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో దాన్ని కలిపి అమ్ముతున్నారు. అదీ డోపమైన్‌ను అడ్డుకునేదే. గ్యాస్ మందే కదా అని ఏళ్ల తరబడి వేసుకుని, చేతులు వణుకుతూ మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లను చూస్తూనే ఉంటాం. మీవాడి క్యాప్సూల్‌లో కూడా అది ఉంటే రెండు మందులూ కలిసి ఒకే పని చేస్తున్నట్టు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా ఈ కోవలోదే.

ఇంట్లోనే ఒక పని చేయండి. రెండు మూడేళ్ల కిందటి పుట్టినరోజు వీడియోనో పెళ్లి వీడియోనో ఫోన్‌లో దొరక్కపోదు. దాన్నీ, నిన్నా మొన్నా తీసిందాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు కూడా ముఖం ఇంతేనా? రెప్పలు ఇంత తక్కువగా కొట్టేవాడా? వరండాలోంచి గేటు దాకా నడవమనండి, రెండు చేతులూ ఊగుతున్నాయో లేదో కనిపిస్తుంది. ఇంటర్ నోటుబుక్కు తీసి ఇప్పటి రాతతో పోల్చండి, అక్షరాలు చిన్నవైపోయాయేమో. ఈ మూడూ డాక్టరుకు చూపిస్తే సగం పని అయినట్టే.

కోప్పడుతున్నానని అనుకోవద్దు, కానీ ఒక మాట అనక తప్పదు. బ్రాడీపేటలో ఏ లైన్లో నిలబడ్డా డాక్టరు బోర్డు కనబడుతుంది. అలాంటి ఊళ్లో ఉండి, ఇంటర్‌లో రాసిన చీటీ మీద ఇన్నాళ్లు మందు కొన్నారు, కౌంటర్ అవతలి కుర్రాడు చెబితే డోసు రెట్టింపు చేశారు. ఇది చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఆ చీటీ కూడా అప్పటి వయసుకు, అప్పటి బరువుకు, అప్పటి కోపానికి రాసింది. ఈ మందు వాడేవాళ్లకు బరువు, నడుము కొలత, షుగరు, కొలెస్ట్రాల్ అప్పుడప్పుడు చూస్తుండాలి. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి మగపిల్లల్లో ఛాతీ ఉబ్బే అవకాశం కూడా ఉంది. కాలేజీ కుర్రాడు సిగ్గుపడి అలాంటిది అమ్మకు చెప్పడు. వాళ్ల నాన్నను మెల్లగా అడగమనండి. ఈ పరీక్షల్లో ఒక్కటైనా జరిగినట్టు మీరు రాయలేదు.

అలాగని ఇది చదివి రేపట్నుంచి మాత్ర మానేయకండి. ఒక్కసారిగా ఆపితే పాత చిరాకు రెట్టింపై తిరిగి రావచ్చు, నోరు, చేతులు వాటంతటవే కదలడం లాంటి కొత్త ఇబ్బందీ రావచ్చు. ముందు రాసిన డాక్టరుకు రేపే ఫోన్ చేసి, రెండు పూటలా వేస్తున్న సంగతి దాచకుండా చెప్పండి. ఎంత తగ్గించాలి, ఎన్నాళ్లలో తగ్గించాలి అన్నది మనిషిని చూసిన డాక్టరు చెప్పాలి. ఆయన దొరక్కపోతే సర్వజనాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. ఈలోగా మెడ ఒక పక్కకు పట్టేసినా, కళ్లు పైకి నిలబడిపోయినా, దవడ బిగుసుకున్నా, జ్వరంతో ఒళ్లు కర్రలా బిగిసి మాట తడబడినా ఓపీ టైము కోసం ఆగొద్దు. నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మందు వల్ల వచ్చిన ముఖం బిగువు సాధారణంగా డోసు సరిచేస్తే వారాల్లో, ఒక్కోసారి నెలల్లో తగ్గుతుంది.

మందు కాకుండా నేను చూసుకునేవి ఇంకో రెండున్నాయి. ఆటిజం ఉన్న యువకుల్లో కొందరికి ఈ వయసులోనే కెటటోనియా మొదలవుతుంది. గుమ్మం దగ్గర ఆగిపోవడం, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోవడం, ఎవరో ఒకరు తట్టి చెబితే గానీ కదలకపోవడం కనిపిస్తాయి. రెండోది డిప్రెషన్. ఆటిజం ఉన్నవాళ్లలో ఇది తరచుగానే ఉంటుంది, ముఖంలో తెలియదు కాబట్టి ఇంట్లోవాళ్లు ఆలస్యంగా గమనిస్తారు. ఇష్టమైన పనులు మానేశాడా, తిండి తగ్గిందా, బతకడం ఎందుకు అన్న మాట ఎప్పుడైనా వచ్చిందా? వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రాత్రి వేళయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు మీరడిగినదానికి వస్తాను. భావాలు పలికించే మాత్ర లేదు. రిస్పెరిడోన్‌ను అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఆటిజం పిల్లలకు అనుమతించింది కూడా చిరాకు, దూకుడు తగ్గించడానికే. మీ మరిది చెప్పిన స్ప్రే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ది అయి ఉంటుంది. 290 మంది పిల్లల మీద అమెరికాలో చేసిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి, ఆర్నెల్లు వాడినా ఉత్తుత్తి స్ప్రేకూ దానికీ తేడా కనిపించలేదు. ఆ డబ్బు దాచుకోండి.

అద్దం ముందు నవ్వు ప్రాక్టీస్ ఆపేయండి. ఆటిజం ఉన్నవాళ్ల ముఖంలో భావాలు తక్కువసార్లు, తక్కువసేపు, కొన్నిసార్లు వేరే రకంగా కనిపిస్తాయి. లోపల ఏమీ లేదని కాదు. నా దగ్గరికి ఒక కుర్రాడు వస్తాడు. ముఖం చూస్తే గోడే. సంతోషం వస్తే మాత్రం చేతిలో ఉన్న అపాయింట్‌మెంట్ చీటీని మడిచి, మడిచి గోరంత చేస్తాడు. భయం వేస్తే ఆ చీటీని ముట్టుకోడు. వాళ్లమ్మ చెప్పేదాకా అయిదారు విజిట్లు నాకూ తెలియలేదు. మీవాడికీ అలాంటిదేదో ఉంటుంది. వెతకండి. దాన్ని వాళ్ల నాన్నకూ, స్నేహితులు ఉంటే వాళ్లకూ చెప్పండి.

మామగారి దగ్గర నవ్వు సంగతీ అంతే. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమకు కలుగుతున్న భావం ఏమిటో గుర్తుపట్టి చెప్పడమే కష్టం. దాన్ని అలెక్సిథైమియా అంటారు. ఇల్లంతా జనం, ఏడుపులు, డప్పుల మోత.. టెన్షన్‌లో ముఖం ఎటో పోతుంది. తాత మీద ప్రేమ లేదని చుట్టాలు అనుకుంటే ఆ తప్పు చుట్టాలది. డేమియన్ మిల్టన్ అనే బ్రిటన్ పరిశోధకుడు, ఆయనా ఆటిజం ఉన్నవాడే, 2012లో ఇదే చెప్పాడు: వాళ్లకు మన ముఖాలు అర్థం కానట్టే మనకూ వాళ్ల ముఖాలు అర్థం కావు, లోపం రెండు వైపులా ఉంది. పైగా లేని నవ్వును రోజంతా మోయడం వాళ్లను అలసగొడుతుంది. అలా దాచుకుని బతికేవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ ఎక్కువగా కనబడుతున్నాయి.

నవ్వుకు బదులు మాట నేర్పించండి. “నా ముఖంలో కనిపించకపోయినా నేను శ్రద్ధగానే వింటున్నాను” అని ఇంటర్వ్యూ మొదట్లోనే చెప్పగలిగితే చాలావరకు సరిపోతుంది. స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు ఇలాంటి సంభాషణలు రిహార్సల్ చేయిస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ తీసుకుని అంచనా వేయించుకోవచ్చు, వైకల్య శాతం ఎంత వస్తుందన్నది మెడికల్ బోర్డు చేతిలో ఉంటుంది. అయితే కంపెనీకి చెప్పాలా వద్దా అన్నది అబ్బాయి తేల్చుకోవాలి, మీరు కాదు. 20 ఏళ్లవాడు. ఇంత పెద్ద ఉత్తరంలో వాడు అన్న మాట ఒక్కటి లేదు, గమనించారా?

ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత చీటీ, రెండు వీడియోలు, రిస్పెరిడోన్ స్ట్రిప్పు, గ్యాస్ క్యాప్సూల్ స్ట్రిప్పు వెంట ఉండాలి. “తెల్ల మాత్ర, ఎర్ర క్యాప్సూల్” అని చెబితే మాకేమీ అర్థం కాదు.