చెప్పని పనికి బిల్లు వేస్తే

చిరంజీవికి పెదనాయన ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. కర్నూలు షెడ్డులో బ్రేక్ ప్యాడ్లు మార్చి, ఆయిల్ సర్వీసు చేయమని బండి వదిలి, బస్సెక్కి అనంతపురం వచ్చేశావు. 6,500 అవుతుందన్నవాళ్లు ఇప్పుడు 23,800 బిల్లు పంపారు. అడగకుండానే క్లచ్ సెట్టు, చక్రాలను బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు మార్చారు. నీకు కోపం రావడం న్యాయమే. అయినా ఫోన్‌లో అరవకు. అరిచిన మాటకు రుజువు ఉండదు, రాసిన మాటకు ఉంటుంది.

ముందు ఒక నిజం చెప్పు నాయనా. మధ్యలో వాళ్లు ఫోన్ చేస్తే ‘ఏముంటే అది చూసి చేసేయండి’ అన్నావా? అని ఉంటే మన వాదన సగం పోయినట్టే. అనలేదంటే మాత్రం, బండి వదిలినప్పుడు చేయాల్సిన పనులు రాసుకున్న షెడ్డు కాగితం, అదే జాబ్ కార్డు, నీ బలం. అందులో నువ్వు సంతకం పెట్టిన పనులేవి, బిల్లులో ఉన్నవేవి అని పక్కపక్కన రాసుకో.

ఇక ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ‘నా బండికి విప్పిన పాత సామాన్లన్నీ నాకు కావాలి, పారేయొద్దు’ అని వాట్సాప్‌లో పెట్టు. పాత సామాన్లు తుక్కులోకి పోయాక ఎవరు చెప్పిందైనా నమ్మాల్సిందే.

నేను బతుకంతా ఆర్టీసీ గ్యారేజీలో గడిపినవాణ్ణి కాబట్టి ఏం చూడాలో చెబుతా. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా రాపిడి పట్టీ ఉంటుంది, అందులో రివెట్ల తలలు లోపలికి దిగి కనిపిస్తాయి. పట్టీ అరిగి రివెట్లకు సమానంగా వచ్చేసి ఉంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. రివెట్లు ఇంకా బాగా లోపలే ఉండి, ఆయిల్ మరకలూ కాలిన వాసనా లేకపోతే ఆ ప్లేటు ఇంకొంత కాలం నడిచేది. లోయర్ ఆర్మ్ అయితే బుష్ రబ్బరు చిరిగిందా, బాల్ జాయింటు చేత్తో కదిపితే లూజుగా ఆడుతోందా చూడు. కొత్త స్పేర్ల డబ్బాలు కూడా అడుగు. వాటి మీది ఎమ్మార్పీని బిల్లులో వేసిన ధరతో పోల్చు. అన్నిటికీ ఫోటోలు తీసుకో.

క్లచ్ నిజంగానే పోయి ఉంటే, స్పేరు ధర ఇస్తాను, లేబర్ తీసేయండి అని అడగమంటాను. అడగని పనికి రూపాయి కూడా ఇవ్వనని పట్టుబట్టొచ్చు. కానీ అరిగిన సామాను కళ్లతో చూశాక అంత పట్టు నాకు సబబనిపించదు. బాగున్నదాన్ని మార్చి ఉంటే మాత్రం ఒక్క పైసా వదలకు.

బిల్లు ఇంకా తెల్లకాగితం మీదే ఉంటే జీఎస్టీ బిల్లు ఇమ్మను. మన రాష్ట్రంలో జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి.

డబ్బు కట్టేదాకా బండి ఇచ్చేది లేదంటారు. చేసిన పనికి కూలి వచ్చేదాకా వస్తువును పట్టి ఉంచుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఉంది. అది నువ్వు చెప్పిన పనికే కానీ, చెప్పని పనికి కాదని గట్టిగా చెప్పు. ఆ 6,500 అక్కడికక్కడే యూపీఐలో కట్టు. అప్పటికీ వదలకపోతే, బండి అవసరం ఉంది కాబట్టి మొత్తం కట్టేయ్. కానీ బిల్లు రెండు కాపీల మీదా ‘నేను చెప్పని పనులకు అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టు. డెలివరీ అప్పుడు ‘పని తృప్తిగా ఉంది’ అనే కాగితం ముందు పెడతారు, దాని మీద సంతకం చేయకు. స్పేర్ తాళం ఉంది కదా అని చెప్పకుండా బండి తోలుకొచ్చే ఆలోచన అసలే వద్దు. కేసు నీ మీదికే తిరుగుతుంది.

తర్వాత 15 రోజుల గడువు ఇచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపు. ఏ పనికి ఒప్పుకున్నావు, ఏ పనికి ఒప్పుకోలేదు, ఎంత వెనక్కి కావాలి, అంతే. తిట్లూ బెదిరింపులూ వద్దు. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలామంది అక్కడే దారికొస్తారు.

అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కేసు కోసం కర్నూలు తిరగాలేమోనని టెన్షన్ పడకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నువ్వు ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయొచ్చు, అంటే మన అనంతపురంలోనే. నువ్వు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల దాకా గడువుంది.

జాబ్ కార్డు, బిల్లు ఫోటోలు ఈ రాత్రికి నాకు పంపు. బండి తెచ్చుకునే రోజు నేనూ వస్తా, ఆ క్లచ్ ప్లేటు నేనే చూస్తా.

మీ పెదనాయన