పక్కింటావిడ వాడిన ఇంజెక్షన్‌ నేనూ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 42. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఆరేళ్లుగా షుగర్‌ ఉంది. మెట్‌ఫార్మిన్‌, గ్లిమిపిరైడ్‌ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. రోజూ బీచ్‌ రోడ్డులో నడుస్తున్నా బరువు తగ్గడం లేదు. మా పక్కింటావిడ వారానికో ఇంజెక్షన్‌ చేసుకుని బాగా తగ్గింది. అదే పెన్ను మెడికల్‌ షాపులో కొని వాడొచ్చా? లేదా ఆపరేషనే మేలా?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సలహా: మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 33.6. మన భారతీయుల్లో 25 దాటితేనే ఊబకాయం అంటాం. ఈ ఇంజెక్షన్లకు బీఎంఐ 30 ఉండాలి, షుగర్‌లాంటి జబ్బు తోడైతే 27 చాలు. కాబట్టి మీరు వాడొచ్చు. కానీ ఆవిడ పెన్ను చూసి అదే డోసు కొనకండి. ఆవిడ నెలల తరబడి పెంచుకుంటూ వచ్చిన డోసు అది కావచ్చు. ఇంజెక్షన్‌లోని మందు సెమాగ్లూటైడ్‌ అయితే వారానికి 0.25 మిల్లీగ్రాములతో, టిర్జెపటైడ్‌ అయితే 2.5తో మొదలుపెట్టి, ఒక్కో మెట్టు మీద కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఒకేసారి పెద్ద డోసు తీసుకుంటే వాంతులతో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీ విషయంలో నన్ను ఎక్కువగా కంగారు పెట్టేది గ్లిమిపిరైడ్‌. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. ఇంజెక్షన్‌తో ఆకలి చచ్చి మీరు సగం అన్నంతో లేచేస్తారు, మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే షుగర్‌ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. అందుకే మొదటి ఇంజెక్షన్‌కు ముందే గ్లిమిపిరైడ్‌ను తగ్గించాలా, ఆపాలా అన్నది డాక్టర్‌ తేల్చాలి. మీరు సొంతంగా ఆపేయొద్దు.

ముందుగా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌), క్రియాటినిన్‌ (కిడ్నీల పనితీరు), లివర్‌, థైరాయిడ్‌ పరీక్షలు చేయించుకోండి. కంటి రెటీనా పరీక్ష వాయిదా వేయకండి. షుగర్‌ ఒక్కసారిగా దిగితే, అప్పటికే దెబ్బతిన్న రెటీనా ఇంకా పాడవ్వొచ్చు. మీకు ప్యాంక్రియాస్‌ (క్లోమం) వాపు వచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా మెడులరీ థైరాయిడ్‌ క్యాన్సర్‌ ఉన్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి. గర్భం వచ్చే అవకాశం ఉన్నా చెప్పాలి.

పెన్నును ఫ్రిజ్‌ తలుపులో పెట్టండి. గడ్డకట్టిందా, పారేయాల్సిందే. సూదిని బొడ్డుకు కనీసం రెండంగుళాల దూరంలో గుచ్చి, బటన్‌ పూర్తిగా నొక్కాక నెమ్మదిగా ఆరు లెక్కపెట్టి తీయండి. ముందే లాగేస్తే మందు చర్మం మీదే చుక్కగా మిగిలిపోతుంది.

వికారం, మలబద్ధకం మొదట్లో మామూలే. కొంచెం కొంచెం తిని, నూనె వంటలు తగ్గిస్తే సర్దుకుంటాయి. కానీ పైపొట్టలో మొదలై వీపులోకి పాకే నొప్పి, ఆగని వాంతులు వస్తే ఆ రోజే కేజీహెచ్‌కో, దగ్గర్లోని ఆస్పత్రి క్యాజువాలిటీకో వెళ్లండి.

కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. నడక ఒక్కటే దాన్ని ఆపలేదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదేసి సార్లు లేచి కూర్చోవడం వారంలో మూడు రోజులైనా చేయండి. కిడ్నీలు బాగుంటే రోజుకు 70 గ్రాముల దాకా ప్రోటీన్‌ కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల కనగర్తల్లో దాదాపు ఇరవై వస్తాయి. చేప తినకపోతే పెసరట్టు, పప్పు, పెరుగు, పనీర్‌ పెంచుకోండి. ఉప్మా పెసరట్టు మాత్రం వద్దు, లోపలి రవ్వంతా పిండిపదార్థమే.

షుగర్‌ ఉన్నవారికి బరువు కాస్త నెమ్మదిగానే తగ్గుతుంది. ఏడాదిలో ఎనిమిది, పది కిలోలు తగ్గితే మంచి ఫలితమే. మందు ఆపేసినవారిలో ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు సెమాగ్లూటైడ్‌ పరిశోధనలో తేలింది. ఏళ్ల తరబడి ఈ ఖర్చు పెట్టగలమా అన్నది ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి.

ఆపరేషన్‌లో, అంటే స్లీవ్‌లో, జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. బరువు ఎక్కువే తగ్గుతుంది, కానీ బీ12, ఐరన్‌ లాంటివి జీవితాంతం వాడాలి. మందు పూర్తి డోసుతో ఆరు నెలలు వాడినా షుగర్‌ అదుపులోకి రాకపోతే అప్పుడు ఆ మాట ఆలోచిద్దాం.