పాత్రకు గతం ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో గంటసేపు కూర్చుని ముఖం తీర్చిదిద్ది పాత్రను చేసుకున్నాను. పది రోజులకే కత్తి పట్టుకున్న బొమ్మలా అనిపిస్తోంది. దానికి ప్రాణం ఎలా పోయాలండీ?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2011లో వచ్చిన ఆ గేమ్ మిమ్మల్ని ఖైదీగా బండిలో కూర్చోబెట్టి మొదలవుతుంది. సరిహద్దు దగ్గర దొరికిపోయారంటుంది, మీ గతం గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఆ ఖాళీ మీదే. నా విలుకత్తెకి నేను ఒక్క విషయమే రాసుకున్నాను: తమ్ముణ్ణి ఆకలికి పోగొట్టుకుంది. అంతే, ఆట మొత్తంలో ఏ ఇంట్లోనూ తిండి దొంగిలించలేదు. బిచ్చగాడు కనిపిస్తే నాణెం ఇవ్వకుండా కదల్లేదు. డబ్బున్నవాళ్ల పెట్టెలు మాత్రం వదల్లేదు! పేజీలకొద్దీ చరిత్ర వద్దు. ఒక దెబ్బ, దానివల్ల ఆమె చచ్చినా చేయని ఒక పని, ఇవి చాలు.

రాయడమే టెన్షన్ అనిపిస్తే 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ ఆడండి. ఆరు నేపథ్యాల్లో ఒకటి ఎంచుకుంటే ముందు ఆ కథే ఆడిస్తుంది. నేను ఓర్జమర్ నగరంలో కులం లేని మరుగుజ్జుగా మొదలుపెట్టాను. చాలా గంటల తర్వాత రాక్షసులతో పోరాడే గ్రే వార్డెన్ యోధుల్లో ఒకరిగా అదే ఊళ్లో అడుగుపెట్టి, రాజభవనంలో మా అక్క రైకాని చూసినప్పుడు కళ్లు చెమర్చాయి.