పాకుడు పట్టిన ర్యాంపు మీద బోటు దించాలంటే

సందేహం: "అన్నా, మేం ఈ దేశం వచ్చి రెండేళ్లయింది. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒక పాత బోటు కొన్నాం, ట్రైలర్‌తో సహా. నడపడం నేర్చుకున్నాం, కాగితాల సంగతి కూడా చూసుకున్నాం. కానీ ర్యాంపు దగ్గర నీళ్ల అంచంతా పచ్చగా ఉంది, నడిస్తేనే కాలు జారుతోంది. దాని మీదికి కారు ఎలా దించాలి? వెనక క్యూలో ఉన్నవాళ్లని చూస్తేనే టెన్షన్ వచ్చేస్తోంది."

జవాబు: తమ్ముడూ, మీకు కాలు జారింది చూశారా, సగం జవాబు అందులోనే ఉంది. కాలు జారిన చోట టైరూ జారుతుంది. అందుకే బోటు తగిలించుకుని తిన్నగా రివర్స్ చేసేయకుండా, ముందు కారు పైన ఆపి ఒకసారి నడిచి వెళ్లి చూడండి. చెప్పులతో కాదు, అడుగున గట్టి పట్టున్న రబ్బరు బూట్లతో. పాకుడు ఎక్కడ మొదలైందో ఆ గీతను గుర్తుపెట్టుకోండి. కారు టైర్లు ఆ గీత దాటకూడదు. ట్రైలర్ టైర్లు ఎంత పాకుట్లో మునిగినా ఫర్వాలేదు, వాటిని లాగేది కారు కదా.

ర్యాంపు కాంక్రీటు మీద గాడులు పెట్టేది టైరుకి పట్టు దొరకాలనే. పాకుడు పట్టిందంటే ముందు ఆ గాడులే పూడిపోతాయి. సముద్రం పక్కనైతే పోటు నీళ్లు చేరే ఎత్తు దాకా ఇది పడుతుంది. చెరువుల్లోనూ రిజర్వాయర్లలోనూ నీటిమట్టం తగ్గినప్పుడు, అంతదాకా మునిగి ఉన్న భాగం బయటపడుతుంది. అది ఎండి నల్లబడితే మామూలు కాంక్రీటులాగే కనబడుతుంది. నమ్మకండి. ట్రైలర్ నుంచి కారిన నీళ్లు తగిలాయంటే సబ్బు రాసినట్టే.

ఇక కొత్తవాళ్లు దాదాపు అందరూ తప్పు లెక్క వేసే చోటు చెబుతాను. దించడం గురించే భయపడతారు. అసలు కష్టం ఎక్కించడంలో ఉంది. దించేటప్పుడు వాలు మీ తరఫున పనిచేస్తుంది, ఎక్కించేటప్పుడు మీకు ఎదురుపడుతుంది. ర్యాంపు వాలు మామూలుగా 12 నుంచి 15 శాతం దాకా ఉంటుంది, అంటే 10 మీటర్లకు మీటరున్నర వరకు దిగుడు. బోటూ ట్రైలరూ కలిపి 1500 కిలోలుంటే, 14 శాతం వాలు మీద అవి 200 కిలోలకు పైగా బలంతో కారుని వెనక్కి లాగుతూనే ఉంటాయి. టైర్లు చూస్తే అప్పటికే తడిసి ఉంటాయి. కాబట్టి సముద్రంలోకి వెళ్లేటట్లయితే ఆటుపోట్ల పట్టికలో వెళ్లే టైమ్ ఒక్కటే చూసి ఊరుకోకండి, తిరిగొచ్చే టైమ్ కూడా చూడండి. పొద్దున పోటు మీద హాయిగా దించేసి, ఆటు వేళకి తిరిగొస్తే నీళ్లు కిందికి పోయి ఉంటాయి. ట్రైలర్ నీళ్లందుకోవాలంటే కారుని పాకుట్లోకి దింపక తప్పదు. అలాంటప్పుడు రెండు గంటలు ఆగి నీళ్లు పైకొచ్చాక ఎక్కించుకోండి. బోటులోనే కూర్చోండి, పోయేదేం లేదు.

కారు సంగతి. ముందు చక్రాలతో నడిచే కారైతే ఇక్కడ కొంచెం కష్టమే. ముక్కు పైకి, తోక కిందికి పెట్టి నిలబడేసరికి బరువంతా వెనక్కి పోతుంది, దానికితోడు ట్రైలర్ ముందుభాగం కారు తోకని కిందికి నొక్కుతుంది. లాగాల్సిన ముందు చక్రాలేమో తేలికైపోయి గిర్రున తిరుగుతాయి. వెనక చక్రాలతో నడిచే కారుకి బరువు బాగానే పడుతుంది గానీ, నీళ్లకి దగ్గరగా ఉండేవీ ఆ చక్రాలే. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి ఉంటే మంచిది, ఆ మోడ్‌ని మాత్రం పైన పొడి నేల మీదే వేసుకుని దిగండి. జారడం మొదలయ్యాక బటన్ వెతుక్కుంటే లాభం లేదు.

ర్యాంపు మీద చేయాల్సిన పని ఎంత తగ్గిస్తే అంత మంచిది. సామాన్లు సర్దడం, లైఫ్ జాకెట్లు వేసుకోవడం, బోటు వెనక కట్టిన పట్టీలు విప్పడం, డ్రెయిన్ ప్లగ్ (బోటు అడుగున నీళ్లు పోయే రంధ్రానికి పెట్టే బిరడా) బిగించడం, ముందూ వెనకా తాళ్లు కట్టి ఉంచడం, అన్నీ పైన పక్కగా ఆగి ముగించండి. ట్రైలర్ లైట్ల ప్లగ్ కూడా అప్పుడే తీసేయండి. వేడెక్కిన మామూలు బల్బు చల్లటి నీళ్లలో మునిగితే పగలొచ్చు. చాలా దూరం నుంచి వచ్చారా, చక్రాల హబ్‌లు పట్టుకుని చూడండి. వేడిగా ఉంటే కాసేపు ఆగండి. వేడి హబ్ నీళ్లలో ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి సీల్ సందుల్లోంచి నీళ్లు బేరింగుల్లోకి చేరతాయి. ఇంత తయారీ పైనే అయిపోతే ర్యాంపు మీద మీరుండేది కొద్ది నిమిషాలే, క్యూ టెన్షన్ దానంతటదే తగ్గుతుంది.

రివర్స్ గురించి పెద్దగా చెప్పను, అది ఖాళీ పార్కింగ్‌లో రెండు మూడు గంటలు తిప్పితేనే వస్తుంది. ఒక్క చిట్కా: స్టీరింగ్‌ని కింది భాగంలో పట్టుకోండి. ట్రైలర్ ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరపండి, కొంచెం కొంచెంగా. వంకర ఎక్కువైతే మొండికేయకుండా ముందుకెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. చిన్న ట్రైలర్ పెద్దదానికంటే త్వరగా అడ్డం తిరుగుతుంది, అందుకని బోటు చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రిపూట హెడ్‌లైట్లు ఆపేయండి, పక్కన రివర్స్ చేసుకునేవాడి అద్దాల్లో కొడతాయి.

నా మొదటి ఏడాది సంగతి చెప్పాలి. నా ట్రైలర్ రోలర్లది, అంటే బోటు గిర్రున తిరిగే చిన్న చక్రాల మీద కూర్చుంటుంది. వెనక రెండు బళ్లు ఎదురుచూస్తున్నాయి. ఒక పని ముందే అయిపోతుందిలే అని, పైనుండగానే బోటు ముక్కు దగ్గర వించ్ (బోటుని ట్రైలర్ మీదికి లాగే, చేత్తో తిప్పే తాడు చుట్ట) కొక్కెం, సేఫ్టీ చెయిను రెండూ విప్పేశాను. నెమ్మదిగానే దిగుతున్నాను, నీళ్లకి ఇంకా కారు పొడవంత దూరం ఉండగా చిన్న బ్రేకు వేశాను. బోటు ఆ రోలర్ల మీంచి జారి, ఫెళ్లుమని కాంక్రీటు మీద పడింది. పక్కనెవరూ లేకపోబట్టి సరిపోయింది. క్యూలో ఉన్న ఆ ఇద్దరే దిగొచ్చి గంట కష్టపడి నాతోపాటు దాన్ని మళ్లీ ఎక్కించారు. ఒక్క మాట కూడా అనలేదు. నేను భయపడింది వాళ్ల చూపుకే! అప్పట్నుంచి బోటు వెనకభాగం నీళ్లలో తేలడం కళ్లతో చూశాకే కొక్కెం ముట్టుకుంటాను. చెయిను అన్నిటికన్నా ఆఖర్న.

దిగేటప్పుడు కారు అద్దాలు కిందికి దించి ఉంచండి, సీటు బెల్టు తీసేయండి, డ్రైవరు తప్ప కార్లో ఎవరూ ఉండకూడదు. పిల్లల్ని పైనే పెద్దవాళ్లెవరి దగ్గరన్నా వదలండి. అనుకున్న చోట ఆగాక ఫుట్‌బ్రేకు మీద కాలు ఉంచి హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేయండి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లోనే కాలు మెల్లగా వదిలి బరువు హ్యాండ్‌బ్రేకు మీద పడనిచ్చి, ఆ తర్వాతే పార్క్‌లో వేయండి. అయినా అదే చాలనుకోకండి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాల్నే, పాకుడు ముందు తగిలేదీ వాటికే. చక్రం తిరక్కుండా బిగుసుకుపోయినా కారు మొత్తం స్లెడ్జి బండిలా జారిపోగలదు. అందుకే కారు చక్రాల వెనక, నీళ్ల వైపున, అడ్డు దిమ్మలు పెట్టండి. వాటికి తాడు కట్టి ఉంచితే తర్వాత లాక్కోవచ్చు.

ఒకవేళ జారడం మొదలైతే? అందుకే ట్రైలర్ వెనక ఎప్పుడూ ఎవరూ ఉండకూడదు. చేతులతో ఆపబోకండి, రెండు టన్నుల బరువుని పట్టుకునే బలం ఎవరికీ లేదు. కారు మునిగితే ఇన్సూరెన్సు వాళ్లతో మాట్లాడుకోవచ్చు. మీరు పక్కకి తప్పుకోండి, కార్లో ఉంటే దిగిపోండి.

ఎక్కించేటప్పుడు కొత్తవాళ్లు చేసే పొరపాటు, ట్రైలర్‌ని మరీ లోతుగా దించడం. లోతైతే బోటు సులువుగా వచ్చేస్తుందనుకుంటారు. నిజానికి అది తేలుతూ పక్కకి కొట్టుకుపోతుంది. పైకి లాగేసరికి వంకరగా కూర్చుంటుంది. మొదటిసారికి మడ్‌గార్డుల పైభాగం నీళ్లకి కాస్త పైన కనబడేలా ఆపి చూడండి, ఆపైన మీ బోటుకి ఎంత కావాలో మీకే తెలుస్తుంది. ట్రైలర్‌కి బంకులుంటే (రోలర్ల బదులు బోటు కూర్చునే పొడవాటి చెక్కలు) ముందొకసారి పూర్తిగా ముంచి తడిపి పైకి తెచ్చుకోండి, తడి బంకుల మీద బోటు బాగా జరుగుతుంది. ఆ తర్వాత వించ్‌తో లాగండి. ఇంజన్ పెంచి బోటుని ట్రైలర్ మీదికి తోసేవాళ్లు కనబడతారు, చూడ్డానికి హీరోయిజమే గానీ ఆ నీటి ధాటికి ర్యాంపు చివర నేల కోసుకుపోయి గుంటపడుతుంది. రేపు ఇంకొకరి ట్రైలర్ చక్రాలు అందులో పడతాయి. వించ్ తిప్పేటప్పుడు తాడుకి ఎదురుగా ముఖం పెట్టకండి. హ్యాండిల్ చేతిలో ఉండగా లాక్ వదలొద్దు, అది వెనక్కి తిరిగి కొడితే చేతి ఎముక విరుగుతుంది.

చెయిను తగిలించాక, ఇంజన్ పైకెత్తి, దిమ్మలు తీయించి మెల్లగా కదలండి. చక్రం ఒకేచోట తిరుగుతోందా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. ఇంకా తొక్కితే అది పాకుడిని మరింత నున్నగా చేస్తుందంతే. మళ్లీ బ్రేకేసి, దిమ్మలు పెట్టండి. ముందు చక్రాలతో నడిచే కారైతే బరువైన ఒకరిద్దరు ముందు బానెట్ మీద చేత్తో నొక్కుతారులే అనుకోవద్దు, కారు ముందూ వెనకా మనుషులు వద్దు. పైన పొడి నేల మీద ఇంకో బండిని నిలిపి, సరైన లాగుడు తాడు కట్టి, రెండూ కలిసి నిదానంగా లాగితే వచ్చేస్తుంది. అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ అందరికీ ఎప్పుడో ఒకసారి ఆ తాడు అవసరమైనవాళ్లే.

బోటు అడుగున నీళ్లు చేరాయనిపిస్తే, అది నీళ్లలోంచి బయటపడగానే ఆగి డ్రెయిన్ ప్లగ్ తీసేయండి. లీటరుకి కిలో లెక్కన అదంతా మీ కారు మోయాల్సిన బరువే. పైకొచ్చాక పక్కన ఆగి పట్టీలు కట్టి, లైట్లు తగిలించి, ట్రైలర్‌కి చుట్టుకున్న నాచు, గుల్లలు ఏరేయండి. అవి ఇంకో చెరువుకి చేరితే అక్కడ పాతుకుపోతాయి, చాలాచోట్ల జరిమానా కూడా ఉంటుంది. తీసిన డ్రెయిన్ ప్లగ్‌ని బోటు తాళంచెవికి తగిలించి ఉంచండి. వచ్చేసారి ఇంజన్ స్టార్ట్ చేయబోతే ముందు అదే చేతికి తగులుతుంది.