ఒకటో తరగతిలో వారమంతా ఏం చేయిస్తారు? నోటుబుక్కు ఎందుకు నిండదు?

మీ ప్రశ్న ఇది: "మా బాబు ఒకటో తరగతిలో చేరాడు. ఏం చెప్పారు రా అంటే ఆడుకున్నాం, పాడుకున్నాం అంటాడు. వారానికి నోటుబుక్కులో రెండు పేజీలు కూడా నిండటం లేదు. అసలు చదువు చెబుతున్నారా?"

గుంటూరులో ఒక మున్సిపల్ బడిలో ఏళ్ల తరబడి ఒకటో తరగతే చెబుతున్నాను. అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లోనూ అదే క్లాసు. ఈ మాట నన్ను గేటు దగ్గర ఆపి అడగని తల్లి లేదు. అందుకే ముందే చెప్పేస్తున్నా, పేజీలు నిండకపోతే మంచిదే. నన్నడిగితే ఒకటో తరగతికి నోటుబుక్కే దండగ. అది పిల్లాడి కోసం కాదు, సాయంత్రం సంచీ తెరిచి చూసే మీ కోసం.

సోమవారం మా దగ్గర సగం పూట కబుర్లకే పోతుంది. ఆదివారం ఏం చేశారో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఒకడు "అమరావతి పోయాం, పడవ చూశాం" అంటే చాలు, ఇక క్లాసంతా అమరావతి పోయి పడవ చూసొచ్చినట్టే. పోనీండి, అబద్ధమైనా పూర్తి వాక్యంలో చెబుతున్నారు కదా. నోటితో ఒక వాక్యం చెప్పలేని పిల్ల కాగితం మీద ఎట్లా రాస్తుంది? వాళ్ల మాటల్లోంచే ఒకటి తీసి బొమ్మ గీసి, కింద పదం రాస్తాను. పడవ అంటే ఆ వారం ప, డ, వ. అ ఆలు వరసగా దిద్దించే రోజులు పోయాయి. బొమ్మ, పదం, ఆ తర్వాతే అక్షరం.

మంగళవారం ఆ అక్షరాలే ముందు ఇసుకలో వేలితో, తర్వాత పలక మీద బలపంతో. ప, వ ఒకే పదంలో వచ్చాయా, ఇక గోలే. ప తలకట్టు విడిగా ఉంటుంది, వ తలకట్టు అతుక్కుని ఉంటుంది. అది పట్టుబడే దాకా పడవలన్నీ వడపలే. పలక మీదైతే అరచేత్తో తుడిచి మళ్లీ రాస్తారు. అదే నోటుబుక్కులో అయితే రబ్బరుతో కాగితం చిరిగేదాకా రుద్ది, ఇంటికెళ్తే దెబ్బలు పడతాయేమోనని ఏడుపు. ఐదారేళ్ల పిల్లల వేళ్లలో పెన్సిల్ నొక్కి పట్టే బలం ఇంకా పూర్తిగా రాదు. మట్టి ముద్దలు చేయించేది, కాగితాలు చింపించేది, చింతపిక్కలు ఏరించేది ఊరికే కాదు.

బుధవారం చీపురుపుల్లలు. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే కట్ట. 14 అంటే ఒక కట్ట, నాలుగు విడి పుల్లలు. "ఇందులోంచి ఆరు నాకివ్వు" అంటే నాలుగిచ్చి బిక్కమొహం వేస్తారు. కాసేపటికి ఎవడో ఒకడు కట్ట విప్పుతాడు. పైతరగతిలో "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని చెబుతామే, ఆ అప్పు ఇదే. చేత్తో కట్ట విప్పిన పిల్లాడికి దాన్ని మళ్లీ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

ఇక గురువారం కొట్టు ఆట. పోయిన ఏడాది మిర్చి సీజన్లో జరిగింది చెబుతాను. పాత శుభలేఖలు నేను పారేయను. ఎర్రవి ఏరి మిరపకాయల్లా కత్తిరించాను. ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు తోడు పెట్టి బెంచీ మీద కొట్టు తెరిచాం. కాగితం ముక్కల మీద 1, 2, 5, 10, 20 రాసి నోట్లు చేశాం. కొట్టు మీద ఒక పిల్లను కూర్చోబెట్టాను. వాళ్లమ్మ, నాయనమ్మ ఇద్దరూ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతారు. ఈ పిల్ల పలక మీద 7 ఎప్పుడూ తిరగబడే ఉంటుంది. ఇరవై దాకా రాయమంటే పన్నెండు దగ్గర ఆగి నా మొహం చూస్తుంది. పరీక్ష పేపరు ముందు పెట్టుకుని చూస్తే వెనకబడిన పిల్లే.

కూర్చుంది కూర్చోగానే కాయల్ని రెండు కుప్పలు చేసింది. శుభలేఖల్లో కొన్ని పాతబడి వెలిసిపోయి ఉన్నాయి. ఆ ముక్కల్ని పక్కకు నెట్టి, "ఇవి తాలు టీచర్. కలిపితే రేటు పోద్ది" అంది. తాలు అంటే రంగు పోయిన నాసి కాయలు. మా లెసన్ ప్లాన్‌లో వర్గీకరణ అని ఒక గడి ఉంటుంది. అది నింపడానికి నేను గుండీలని, ఆకులని నానా తంటాలు పడతాను. ఈమె ఎవరూ చెప్పకుండానే వర్గీకరించి, ఏ కుప్పకు ఆ కుప్పకు వేరే ధర కూడా పెట్టింది.

మొదటి బేరానికి ఒక పిల్లాడొచ్చాడు. "రూపాయి తగ్గించు." "గిట్టదు." నడుం మీద చెయ్యి, చూపు ఇంకెటో. వాడు రెండడుగులు వెనక్కి వేసినా ఈమె పిలవలేదు. వాడే తిరిగొచ్చాడు. చివరికి 13 రూపాయలకు తెగింది. వాడు 20 నోటిచ్చాడు. పుస్తకం లెక్కన ఇరవైలోంచి పదమూడు తీసివేయాలి. ఒకటో తరగతికి అది గట్టి లెక్కే. ఈమె తీసివేత జోలికే పోలేదు. ఒక్కో రూపాయి కాగితం వాడి అరచేతిలో పెడుతూ "పద్నాలుగు, పదిహేను, పదహారు" అనుకుంటూ పోయి "ఇరవై" దగ్గర ఆపింది. మీ వీధి చివర కిరాణా కొట్టాయన చిల్లరిచ్చేదీ ఇట్లాగే. వాడికి మాత్రం నమ్మకం కుదరక గోడవారకు పోయి ఏడూ మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

ఆ పీరియడ్‌లో నోటుబుక్కులో పడింది తారీఖు ఒక్కటే. మర్నాడు పొద్దున్నే వేరే పిల్లాడి తల్లి ఆ పేజీ మీద వేలు పెట్టి, "తారీఖు వేసి కింద ఏం రాయించలేదేంటి టీచర్? మా పక్కింటి పాప వంద దాకా మూడుసార్లు రాసింది" అంది. పక్కింటి పాప ఏ బడో నేనడగలేదు. అట్లాంటి చోట పనిచేసే వచ్చాను. అక్కడ రోజుకు రెండు పేజీలు, ఎర్రసిరా టిక్కు, డైరీలో సంతకం. వంద అంకెలు పిల్లలు ఎట్లా రాస్తారో ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? ముందు నిలువుగా రెండు రెండు రెండు అని కిందికి గీసుకుంటూ పోతారు. తర్వాత పక్కన సున్నా, ఒకటి, రెండు అని తగిలిస్తారు. పేజీ ముత్యాల్లా ఉంటుంది. అందులో ఇరవై ఆరు ఏదో చూపించమంటే నీళ్లు నమలడమే.

హోంవర్కు ఇవ్వడం లేదన్నది రెండో ఫిర్యాదు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలోనే ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు వద్దని ఉంది. సంచీ బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదనీ ఉంది. 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ కూడా అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు చేయడం మూడో తరగతి పూర్తయ్యేసరికి వస్తే చాలంటోంది. అంటే మూడేళ్ల టైముంది. మనకేమో దసరా సెలవుల్లోపే అన్నీ వచ్చేయాలి. లేకపోతే చుట్టాల ముందు పరువు తక్కువ!

నాకు టెన్షన్ మీతో కాదులెండి, ఫోన్‌తో. హాజరుకు ఒక ఫోటో, భోజనానికి ఒక ఫోటో, ఇంకా దేనిదేనికో ఒక ఫోటో. సిగ్నల్ కోసం వరండాలో చెయ్యి పైకెత్తి తిరిగి లోపలికొచ్చేసరికి చీపురుపుల్లలతో కత్తియుద్ధం జరుగుతుంటుంది. కొట్టు ఆట రోజు ఆ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేస్తాను.

శుక్రవారం వేపాకు, కానుగాకు ఏరుకొచ్చి పోల్చడం, చిక్కీ ముక్కను ఇద్దరికి సమంగా తుంచడం. ఎవరికి పెద్ద ముక్క వచ్చిందన్న తగాదాలోనే సగం అంటే ఏంటో తెలిసిపోతుంది. శనివారం నో బ్యాగ్ డే, కథలు, బొమ్మలు. అయినా కొందరు సంచీ నిండా పుస్తకాలతో పంపుతారు.

మీ బాబుకు ఇంట్లో ఏదైనా రాయించాలని మరీ పీకుతుంటే ఒక రాతి పలక కొనివ్వండి. వాటికి మన మార్కాపురం పేరు. పగులుతాయని భయపడి ఈ మధ్య అందరూ ప్లాస్టిక్‌వి కొంటున్నారు. వాటి మీద బలపం జారుతుంది, అక్షరం పడదు. చుట్టూ చెక్క ఫ్రేము ఉన్నది చూసి తీసుకోండి. బలపాలు మాత్రం లెక్కపెట్టి ఇవ్వండి, ఈ వయసులో సగం మంది వాటిని తినేస్తారు.