బాల్కనీ గ్రిల్‌కి సీరియల్ లైట్లు: ఎంసీబీ ఉంది కదా అని వదిలేయకండి

మీరు అడిగింది ఇది: రెండో అంతస్తు ఫ్లాట్, బాల్కనీకి ఇనుప గ్రిల్, దీపావళికి ఐదు సీరియల్ సెట్లు, అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఇంట్లో నాలుగేళ్ల పాప. లోడు ఎక్కువవుతుందా, రాత్రంతా వెలగనివ్వచ్చా, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) ఉంది కాబట్టి ఫర్వాలేదా?

లోడు గురించి బెంగ వద్దు. ఎల్‌ఈడీ సెట్టు ఒక్కోటి 5 నుంచి 10 వాట్లు. ఐదూ కలిపి 50 వాట్లనుకున్నా పావు ఆంపియర్ రాదు, మామూలు సీలింగ్ ఫ్యాను అంతకంటే ఎక్కువ లాగుతుంది. అదే బాక్సుకి ఇస్త్రీపెట్టె, వాటర్ హీటర్ తగిలించకపోతే చాలు.

నాకు భయం మీరు ఎంసీబీ మీద పెట్టుకున్న నమ్మకం చూసే. ఆ 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ గోడలో ఉన్న వైరు కోసం పెట్టింది. సీరియల్ సెట్టు వైరు లోపల వెంట్రుకల్లాంటి పోగులు నాలుగైదు ఉంటాయంతే. ఎంసీబీ పడాల్సినంత కరెంటు రాకముందే ఆ వైరు మెత్తబడి కరిగిపోతుంది. పక్కన ఎండిన మామిడాకుల తోరణమో, కర్టెనో, థర్మోకోల్ మండపమో ఉంటే అంటుకుంటుంది. షాక్ విషయంలో ఎంసీబీ అసలు పనికిరాదు. 50 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతే ప్రాణం మీదికొస్తుంది, ఎంసీబీకి అది లెక్కే కాదు. అక్కడ పనిచేసేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం పక్కదారి పట్టినా పడిపోయే స్విచ్. మెయిన్ బోర్డులో చూడండి, దాని మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే టక్కున పడాలి. పడకపోయినా, పాత అపార్ట్‌మెంట్లలో లాగా అసలు అది లేకపోయినా, పండక్కి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. లైట్లకు పెట్టే ఖర్చు కంటే ఇది ముఖ్యం. అది ఉన్నా, ఒక చేత్తో ఫేజు (కరెంటు వచ్చే తీగ), ఇంకో చేత్తో న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) పట్టుకుంటే అదీ కాపాడలేదని గుర్తుంచుకోండి.

చిన్న బల్బే కదా, ఏం షాక్ కొడుతుందిలే అనుకుంటారు చాలామంది. మామూలు సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 230 వోల్టుల కరెంటు నేరుగా వైర్లోకి వస్తుంది, వరసగా ఉన్న ఎల్‌ఈడీలు తలా మూడు వోల్టుల చొప్పున పంచుకుంటాయి. విరిగిన బల్బు కాళ్లు తగిలితే మాత్రం మీకు తగిలేది మెయిన్ కరెంటే. నాలుగు బల్బులు పోయాయని కత్తిరించి వైరు కలిపేయడం తప్పని చెప్పేది కూడా అందుకే: వాటి వాటా మిగతావాటి మీద పడి అవి వేడెక్కుతాయి, ఒకదాని తర్వాత ఒకటి మాడిపోతాయి.

పాప చెయ్యి అందే ఎత్తులో ఈ సెట్లు వద్దు. అక్కడికి 5 వోల్టుల యూఎస్‌బీ లైట్లో, అడాప్టర్‌తో వచ్చే తక్కువ వోల్టేజీ సెట్టో తీసుకోండి. అడాప్టర్ మాత్రం ఇంటి లోపలే ఉండాలి.

కట్టే ముందు ప్లగ్గు పెట్టకుండానే సెట్టును నేల మీద పరిచి, మూర మూరకీ చూడండి: పగిలిన బల్బు, పచ్చగా చిలుము పట్టిన కాళ్లు, ఎలుక కొరికిన చోటు, నల్లబడ్డ పిన్ను. ఏది కనిపించినా ఆ సెట్టు పక్కన పెట్టేయండి. తర్వాత పావుగంట వెలిగించి, ప్లగ్గు తీసి, కంట్రోలర్ డబ్బానూ ప్లగ్గునూ పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే పారేయండి.

ప్లగ్గు ఊడిపోయిందని రెండు వైర్ల కొసలు ఒలిచి సాకెట్లో దూర్చి, కదలకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు చూడండి, వీటన్నిటిలో ప్రమాదకరమైనది అదే. లూజు కాంటాక్టు దగ్గర చిటపటలాడి సాకెట్టు కరుగుతుంది, పైగా వైరు కాస్త లాగితే చాలు, ఫేజు బయటపడుతుంది. ఐఎస్ఐ మార్కున్న 6 ఆంపియర్ల ప్లగ్గు బిగించండి.

గ్రిల్ మీద వైరు రాసుకుని పైతోలు పోతే గ్రిల్ మొత్తానికీ కరెంటు వస్తుంది. తడిబట్టలు ఆరేసేదీ దాని మీదే. మేకులు, కట్టుతీగ వద్దు, ప్లాస్టిక్ జిప్ టైలు వదులుగా వేయండి. పక్కకి జరిపే తలుపు సందులోంచి వైరు తేకండి, నాలుగుసార్లు జరిపితే తెగుతుంది. ఏసీ పైపు కోసం చేసిన రంధ్రం ఉంటే అందులోంచి తీసుకోండి. బయట వైరు ప్లగ్గు దాకా పైకి వెళ్లేముందు ఒక జానెడు కిందికి వేలాడాలి, వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. జాయింటుకి పాలిథిన్ కవరు చుడితే లోపల నీళ్లు నిలుస్తాయి, జాయింటుని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి స్లాబు నీడలో ఉంచండి. వానకి తడిసే చోట పెట్టే సెట్టు మీద ఐపీ 65 (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా తట్టుకునే స్థాయి) అని ఉండాలి. ఐపీ 20 రాసినవి గదిలోకే.

స్విచ్ ఆపినా లైట్లు మసకగా వెలుగుతున్నాయా? స్విచ్‌ని న్యూట్రల్ వైపు కలిపారేమో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. అలా కలిపి ఉంటే స్విచ్ ఆపినా సెట్టులో ఫేజు ఉంటుంది. ఏదైనా సర్దాలంటే ముందు ప్లగ్గు లాగేయండి.

రాత్రంతా వద్దు. 24 గంటల టైమర్ సాకెట్టు దొరుకుతుంది, పదకొండింటికి ఆగిపోయేలా పెట్టుకోండి. ప్రమిదలు వైరుకి కింద కాకుండా పక్కకి, కనీసం రెండడుగుల దూరంలో పెట్టండి.

హైదరాబాద్ కోఠి ట్రూప్ బజార్‌లో కొనేటప్పుడు డబ్బా మీద వాట్లు, వోల్టులు, బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) ఇచ్చే 'ఆర్' రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఏమీ రాయని పాలిథిన్ ప్యాకెట్ సెట్టు ఎంత చవకైనా వద్దు. పండగయ్యాక మోచేతికి చుట్టి ముడేయకండి, అట్టముక్కకి వదులుగా చుట్టి మూతున్న డబ్బాలో పెట్టండి. అటక మీద ఊరికే పడేస్తే ఎలుకలు వదలవు.